నడిసముద్రంలో నెప్ట్యూన్ కొలువు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సముద్రతీరం లేదు. అయినా మిర్యాలగూడ, దేవరకొండ, అచ్చంపేట వంటి ఊళ్ల నుంచి మర్చంట్ నేవీలో క్యాడెట్లుగానో, నౌకాదళంలో నావికులుగానో చేరేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా తొలిసారి భూమధ్యరేఖ దాటి ఇంటికి పంపే ఫొటోలు కన్నవాళ్లను కలవరపెట్టేలా ఉంటాయి. కొడుకు మొహమంతా గ్రీజు, జుట్టులో వంటగది చెత్త, పక్కనే అట్ట కిరీటం పెట్టుకుని త్రిశూలం పట్టుకున్న గడ్డపాయన ఒకరు. ఇది పూజా, నాటకమా, లేక కాలేజీల్లో చూసే ర్యాగింగ్ లాంటిదా అన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది.

ఈ మూడు పోలికల్లోనూ కొంత నిజం ఉంది, అందుకే విషయం చిక్కుపడింది. తొలిసారి భూమధ్యరేఖ దాటేవాళ్లకు ఓడలో జరిపే ఈ తంతు ఒకరోజు ఒకరు కనిపెట్టినది కాదు. తెలియని సముద్రంలోకి అడుగుపెట్టే భయం నుంచి ఒక పొర, అనుభవం గల నావికులు కొత్తవాళ్ల మీద చెలాయించిన పెద్దరికం నుంచి రెండో పొర, సుదీర్ఘ ప్రయాణంలో విసుగు పోగొట్టుకునే వినోదం నుంచి మూడో పొర వచ్చి చేరాయి. వీటిలో రెండోది, అంటే ఆ ఒక్కరోజు ఓడలో అధికారం చేతులు మారడం, అర్థం కాకపోతే మిగిలిన రెండూ అర్థం కావని నా అభిప్రాయం.

మొదట ఆ రేఖ సంగతి చూడాలి. భూమధ్యరేఖ నీటి మీద ఎక్కడా కనిపించదు. దూరదర్శిని కటకం మీద ఒక వెంట్రుక అతికించి, అదిగో రేఖ అని కొత్తవాళ్లకు చూపించి నమ్మించడం పాత నావికుల అలవాటు. ఇప్పుడైతే ఓడ నడిపే గదిలోని జీపీఎస్ తెర మీద అక్షాంశం అంకెలన్నీ సున్నాలుగా మారడమే ఆ క్షణానికి గుర్తు. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త ఎగువన, మహబూబ్‌నగర్ అంతకు కాస్త దిగువన ఉన్నాయి. ఒక్కో డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 111 కిలోమీటర్లు, కాబట్టి నల్లగొండ గడియారం సెంటర్ నుంచి తిన్నగా దక్షిణానికి లెక్కిస్తే ఆ రేఖ దాదాపు 1,900 కిలోమీటర్ల దూరంలో హిందూ మహాసముద్రంలో ఉంటుంది.

ఇంత మామూలు లెక్క ఒకప్పుడు మనుషులను ఎందుకు వణికించిందో తెలుసుకోవాలంటే రాత్రి ఆకాశాన్ని గుర్తు చేసుకోవాలి. పెళ్లిలో వధూవరులకు అరుంధతితో పాటు చూపించే ధ్రువ నక్షత్రం మన జిల్లాల్లో ఉత్తర దిక్కున, నేల అంచు నుంచి దాదాపు 17 డిగ్రీల ఎత్తులో నిలుస్తుంది. ఏ చోట నిలబడి చూస్తే ఆ చోటి అక్షాంశం ఎంతో, ఆ నక్షత్రం ఎత్తూ ఇంచుమించు అంతే. యూరప్ నావికులు ఈ లెక్క మీదే ఆధారపడి తాము ఎక్కడున్నదీ తెలుసుకునేవారు. దక్షిణానికి వెళ్లేకొద్దీ ధ్రువ నక్షత్రం దిగిపోతూ, భూమధ్యరేఖ దగ్గర నీటి అంచున మసకబారి, ఆ తర్వాత అసలే కనిపించకుండా పోతుంది. 1470లలో ఆఫ్రికా పడమటి తీరం వెంబడి ఈ రేఖను దాటిన పోర్చుగీసు నావికులకు ఎదురైన అసలు చిక్కు ఇదే. తరతరాలుగా దారి చూపించిన నక్షత్రం లేకుండా పోవడంతో, మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తును కొలిచి, ఏ రోజు సూర్యుడు ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉంటాడో చెప్పే పట్టికల సాయంతో అక్షాంశం లెక్కగట్టే పద్ధతిని వాళ్లు అలవరచుకోవలసి వచ్చింది. పైగా, భూమి నడుమ ఉన్న మండలం మనుషులు బతకలేనంత వేడిగా ఉంటుందని అరిస్టాటిల్ కాలం నుంచీ యూరప్‌లో ఒక నమ్మకం పాతుకుపోయి ఉండేది.

అక్కడ గాలి కూడా సహకరించదు. ఉత్తరార్ధగోళం నుంచి వచ్చే ఈశాన్య పవనాలు, దక్షిణార్ధగోళం నుంచి వచ్చే ఆగ్నేయ పవనాలు భూమధ్యరేఖ దగ్గరి మండలంలో కలుసుకుంటాయి. అక్కడ గాలి పక్కకు వీచడం తగ్గి పైకి లేస్తుంది. తెరచాపల ఓడలు ఆ మండలంలో చిక్కుకుంటే రోజుల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి, కదలకుండా నిలిచిపోయేవి. పీపాల్లో తాగునీరు పాచిపట్టేది, తాజా కూరగాయలు లేక చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు ముదిరేది. ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక మాట చెప్పాలి. జూన్‌లో పాలమూరు చెలకలు ఎదురుచూసే వాన కూడా ఆ రేఖను దాటి వచ్చేదే. దక్షిణార్ధగోళంలో ఆగ్నేయ పవనాలుగా మొదలైన గాలి ఆఫ్రికా తూర్పు తీరం దగ్గర భూమధ్యరేఖను దాటి, భూమి తిరిగే తీరు వల్ల కుడివైపుకు మళ్లి, అరేబియా సముద్రం మీదుగా నైరుతి రుతుపవనంగా మన వైపు వస్తుంది. ఓడలను నిలబెట్టేసే ప్రాంతమూ మనకు వానగాలిని పంపే దారీ ఒకే రేఖ మీద ఉన్నాయన్నమాట.

భయం ఇంతగా ఉన్నా, ఈ తంతు పుట్టింది మాత్రం భూమధ్యరేఖ దగ్గర కాదు. దాని మూలాలు యూరప్ తీరంలోని ప్రమాదకరమైన మలుపుల దగ్గర ఉన్నాయి. ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరాన రాళ్లూ సుడులూ నిండిన రా ద సాన్ అనే ఇరుకు దారి, పోర్చుగల్ తీరానికి ఎదురుగా ఉన్న బెర్లెంగాస్ దీవులు, జిబ్రాల్టర్ జలసంధి, ఇలాంటి చోట్లను తొలిసారి దాటేవాళ్లకు ఏదో ఒక తంతు జరిపించేవారు. మన ఊళ్లలో పొలిమేర దాటి దూరప్రయాణం పోయేటప్పుడు మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి కదిలేవాళ్ల మనసు తెలిసిన వారికి ఇది వింతగా తోచదు. 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన పుస్తకంలో, సముద్రపు దొంగలతో కలిసి తిరిగిన వైద్యుడు ఎక్స్‌క్వెమెలిన్ ఈ పాత పద్ధతులను రెండు విధాలుగా వర్ణించాడు. ఫ్రెంచి ఓడలో ఒకడు మొహానికి నలుపు పూసుకుని, వింత దుస్తులు వేసుకుని, కొత్తవాళ్ల నుదుట శిలువ గుర్తు పెట్టి, మెడ మీద చెక్క కత్తితో తట్టి, నెత్తిన నీళ్లు పోసేవాడు. డచ్చి ఓడలోనైతే తెరచాప దూలం నుంచి తాడుతో కిందికి వదిలి సముద్రంలో మూడుసార్లు ముంచేవారు. ఓడల ప్రయాణాలు పొడవయ్యేకొద్దీ ఆ తీరపు హద్దులు చిన్నవైపోయాయి, వాటి దగ్గరి తంతు అంతకంటే పెద్ద హద్దుకు తరలిపోయింది.

భూమధ్యరేఖ దగ్గర జరిగినట్లు మనకు తెలిసిన తొలి వృత్తాంతాల్లో ఒకటి 1529 నాటిది. ఫ్రాన్స్‌లోని దియెప్ రేవు నుంచి సుమత్రాకు బయలుదేరిన పార్మాంతియే సోదరుల ఓడల్లో ఆ ఏడాది మే 11న, రేఖ దాటుతున్న వేళ, సుమారు 50 మందిని భుజం తట్టి వీరులుగా ప్రకటించారు. చర్చి పద్ధతిలో ప్రార్థన పాడారు. ఇందులో మసి లేదు, నీట ముంచడం లేదు. కష్టమైన చోటు దాటినవారికి ఒక గౌరవం, దేవుడికి ఒక కృతజ్ఞత, అంతే. సోదరులిద్దరూ ఆ ప్రయాణంలోనే సుమత్రాలో చనిపోయారన్నది గుర్తుంచుకుంటే ఆ ప్రార్థన ఉత్తుత్తిది కాదని తెలుస్తుంది.

1557 నాటికే స్వరం మారింది. బ్రెజిల్‌కు వెళ్తున్న ప్రొటెస్టెంట్ యువకుడు జాన్ ద లేరీ చెప్పినదాని ప్రకారం, రేఖను ముందెన్నడూ దాటనివాళ్లను తాళ్లతో కట్టి సముద్రంలో ముంచడమో, వంటపాత్ర అడుగున రుద్దిన పాత గుడ్డతో మొహానికి మసి పూయడమో నావికులకు ఆనవాయితీ. వాళ్లకు ద్రాక్షసారా ఇప్పిస్తే తప్పించుకోవచ్చు, లేరీ తప్పించుకున్నది కూడా అలాగే. ఈ చిన్న వివరం నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. డబ్బున్న ప్రయాణికుడి నుంచి జీతం తక్కువైన పనివాడికి ఆ రోజు ఒక రుసుము వచ్చి చేరుతోంది. మొక్కుగా మొదలైనది పనివాళ్ల హక్కుగా మారుతున్న దశ ఇది.

ఆ హక్కు ఎంత గట్టిపడిందో 1768 అక్టోబరులో కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ ఎండెవర్ రేఖ దాటినప్పటి సంగతి చూస్తే తెలుస్తుంది. ఓడలో ఉన్న ప్రతి ఒక్కరి పేరుతో, కుక్కలూ పిల్లులతో సహా, ఒక జాబితా తయారైంది. ఇంతకుముందు రేఖ దాటనివాళ్లు తమ నాలుగు రోజుల ద్రాక్షసారా వాటాను వదులుకోవాలి, కాదంటే నీట మునగాలి. ప్రయాణంలో ఉన్న సంపన్న ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ తన తరఫున, తన నౌకర్ల తరఫున, తన కుక్కల తరఫున బ్రాందీ ఇచ్చి బయటపడ్డాడు. మిగిలిన వారిలో మునగడానికే సిద్ధపడినవాళ్లను తెరచాప దూలానికి కట్టిన తాడుతో పైకి లాగి, అక్కడి నుంచి మూడుసార్లు నీళ్లలోకి వదిలారు. కొందరు దీన్ని గర్వంగా భరించారని, కొందరికి ఊపిరాడనంత పనైందని బ్యాంక్స్ దినచర్యలో రాసుకున్నాడు.

నెప్ట్యూన్ పాత్ర క్రమంగా వచ్చి చేరి, పద్దెనిమిదో శతాబ్దంలో తంతుకు కేంద్రమైంది. రోమన్ల సముద్రదేవుడి పేరు పెట్టుకున్నంత మాత్రాన దీన్ని దేవతారాధన అనుకోవడం పొరపాటు. నెప్ట్యూన్ ఇక్కడ ఒక న్యాయస్థానానికి అధిపతి. ముందురోజు సాయంత్రం నావికుల కథల్లోని సముద్రపు దయ్యం డేవీ జోన్స్ వేషంలో ఒకడు ఓడెక్కి, రేపు రాజుగారు విచ్చేస్తున్నారని ప్రకటించి, కొత్తవాళ్లందరికీ సమన్లు అందిస్తాడు. మర్నాడు నెప్ట్యూన్, రాణి ఆంఫిట్రైటీ వేషం కట్టిన మరో నావికుడు, వాళ్ల పసిబిడ్డగా ఒక బొజ్జ మనిషి, వైద్యుడు, మంగలి, పోలీసులు, నీళ్ల తొట్టిలో కాచుకుని ఉండే ఎలుగుబంట్లు, ఇలా కొలువు తీరుతుంది. కొత్తవాళ్లను పాలీవాగ్‌లు అంటారు, రేఖ దాటిన అనుభవజ్ఞులను షెల్‌బ్యాక్‌లు అంటారు. ఒక్కో పాలీవాగ్‌పై నేరారోపణ చదువుతారు: నిద్రలో గురక పెట్టాడనో, వంటవాడి సాంబారును మెచ్చుకోలేదనో. శిక్ష ఎప్పుడూ ముందే ఖాయం. వైద్యుడు చేదు మందు పోస్తాడు, మంగలి జిగట నురగ పూసి చెక్క కత్తితో గీకుతాడు, ఆపైన తొట్టిలోకి వెనక్కి తోసేస్తారు. తొట్టి లోంచి లేచినవాడు షెల్‌బ్యాక్.

ఈ గొరుగుడు ఎంత మొరటుగా ఉండేదో చార్లెస్ డార్విన్ రాసిపెట్టాడు. 1832 ఫిబ్రవరి 17న బీగిల్ ఓడ రేఖ దాటింది, అప్పటికి ఆయన వయసు 23. కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లారు, మొహానికి తారు, రంగు కలిపి పులిమారు, పీపాకు చుట్టే ఇనుప పట్టీ ముక్కతో గీకారు, చివరికి నీళ్లు నింపిన తెరచాప గుడ్డలోకి తలకిందులుగా పడేశారు. తనతో కాస్త మెత్తగానే వ్యవహరించారని, మిగతావాళ్లకు ఆ మురికి మిశ్రమాన్ని నోట్లో కూడా పెట్టారని ఆయన చెప్పాడు. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ క్రమశిక్షణ విషయంలో కఠినుడు. అయినా ఈ ఆచారాన్ని ఆపలేదు. చాలామంది దీన్ని పిచ్చి పని అంటారని ఒప్పుకుంటూనే, మానేస్తే లోటుగా అనిపించే వినోదాల్లో ఇది ఒకటేమో అని సమర్థించాడు.

కఠినమైన కెప్టెన్లు దీన్ని ఎందుకు సాగనిచ్చారన్నదే ఈ విషయంలో అసలు ప్రశ్న. తెరచాపల కాలపు ఓడలో కెప్టెన్ మాటకు తిరుగులేదు, మాట వినని నావికుడి వీపు కొరడా దెబ్బలకు చిట్లిపోయేది. అలాంటి ఓడలో నెలల తరబడి కలిసి బతికేవాళ్ల మధ్య పేరుకున్న కసికి ఒక దారి కావాలి. రేఖ దాటే రోజున కెప్టెన్ స్వయంగా నెప్ట్యూన్‌ను ఆహ్వానించి, ఓడను ఆయనకు అప్పగించినట్లు నటిస్తాడు. రాజు వేషంలో ఉన్నది బహుశా ఒక బోసన్, అంటే డెక్ మీద పనివాళ్ల మేస్త్రి. అతని ముందు మోకరిల్లేది ఉన్నత కుటుంబం నుంచి వచ్చిన యువ అధికారి. ఆ కొలువులో కూర్చునే అర్హత హోదాతో, చదువుతో, కులీనతతో రాదు, రేఖను ముందే దాటి ఉండడమొక్కటే అర్హత. 1936 నవంబరులో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ దక్షిణ అమెరికాకు వెళ్తూ ఇండియానాపొలిస్ యుద్ధనౌకలో తొలిసారి రేఖ దాటినప్పుడు, ఆ దేశ సైన్యానికంతటికీ అధిపతి అయిన ఆయన కూడా నెప్ట్యూన్ కొలువులో పాలీవాగ్‌గానే నిలబడవలసి వచ్చింది. అనుభవమే అధికారం అన్న ఈ సూత్రం నావికుడి బతుకులో ఉత్త అలంకారం కాదు. తుఫానులో తాడు ఎప్పుడు వదలాలో తెలిసినవాడి మాట వినకపోతే అధికారి అయినా సముద్రంలో కలిసిపోతాడు. ఆ పాఠాన్ని ఆటలో చెప్పడమే ఈ తంతు చేసిన మేలు అని నేను నమ్ముతాను.

హాని కూడా అక్కడి నుంచే వచ్చింది. ఒక్కరోజు అధికారం చేతికి వచ్చినవాడికి హద్దు గీసేవాడు లేకపోతే ఆట క్రూరత్వంగా మారుతుంది. 1995లో ఆస్ట్రేలియా నౌకాదళానికి చెందిన జలాంతర్గామి ఆన్‌స్లోలో ఈ తంతు పేరుతో నావికులను అవమానించి, ఒకరిపై లైంగిక దాడికి పాల్పడ్డారు. ఆ దృశ్యాలు టీవీలో ప్రసారమయ్యాక ఇది ఒక దేశపు కుంభకోణంగా మారింది. 1997లో అమెరికా నౌకాదళం కొత్తవాళ్లను హింసించే, అవమానించే ఆచారాలను నిషేధిస్తూ స్పష్టమైన నియమాలు తెచ్చింది. అదే 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. వాణిజ్య నౌకల విషయంలో, సముద్ర కార్మికుల ఒప్పందానికి 2016లో చేసిన సవరణలు వేధింపులను, దౌర్జన్యాన్ని ఓడ యజమాని పట్టించుకోవలసిన ఆరోగ్య, భద్రతా సమస్యలుగా గుర్తించాయి. అవి 2019 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి.

మరి రేఖ దాటించే తంతుకూ ర్యాగింగ్‌కూ తేడా ఏమిటి? ఇష్టపడి పాల్గొంటే ఆట, బలవంతం చేస్తే ర్యాగింగ్ అనడం తేలిక, కానీ ఓడ విషయంలో ఆ గీత అంత స్పష్టంగా ఉండదు. కాలేజీలో వేధింపు ఎదురైతే ఆ రాత్రే బస్సెక్కి ఇంటికి రావచ్చు, నడిసముద్రంలో ఆ అవకాశం లేదు. పైగా క్యాడెట్ శిక్షణ పుస్తకంలో సంతకం పెట్టేదీ, అతని పని గురించి నివేదిక రాసేదీ అదే ఓడలోని అధికారులు. అందువల్ల క్యాడెట్ సరే అన్నంత మాత్రాన అది నిజమైన అంగీకారం కాకపోవచ్చు. నా దృష్టిలో చూడవలసినవి వేరే ఉన్నాయి. తంతు పట్టపగలు, అందరూ చూస్తుండగా, కెప్టెన్ ఎదుట జరిగిందా, మూసిన గదిలో కొందరి మధ్య జరిగిందా? వద్దన్నవాడికి ఆ తర్వాత కూడా మామూలు మర్యాద దక్కిందా? చర్మాన్ని, కళ్లను కాల్చే రసాయనాలు కాకుండా పిండి, రంగునీళ్లు, వంటగది పదార్థాలు వాడారా? బట్టలు విప్పించడం, కొట్టడం, మద్యం తాగించడం ఉంటే అది ఏ సంప్రదాయం పేరుతో జరిగినా నేరమే. ఫొటోలో మొహం నిండా గ్రీజు ఉందన్న ఒక్క కారణంతో భయపడనక్కర్లేదు. పిల్లవాడు ఆ రోజు గురించి మాట్లాడటానికి తప్పించుకుంటుంటే మాత్రం నిదానంగా కూర్చోబెట్టి అడగాలి.

మన చరిత్రలో సముద్రం దాటడానికి ఇంకో అర్థం ఉండేది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పాతిత్యం, అంటే కులం నుంచి పతనం, తెచ్చే పనుల్లో చేర్చింది; పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు వెళ్లివచ్చిన అగ్రవర్ణాల వారిని ప్రాయశ్చిత్తం చేయించుకోమని బంధువులు పట్టుబట్టిన సందర్భాలు అనేకం. అదే శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తెలుగువాళ్లు ఒప్పంద కూలీలుగా మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫిజీకి కూడా ఓడలెక్కారు. 342 మందితో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఈ మూడు చోట్లూ భూమధ్యరేఖకు దక్షిణానే ఉన్నాయి, అంటే అక్కడికి వెళ్లిన ప్రతి కూలీ ఆ రేఖను దాటాడు. అయితే వాళ్లకు అసలు హద్దు నడిసముద్రంలోని రేఖ కాదు, సొంత తీరం కనుమరుగైన చోటే. యూరప్ నావికుడు తిరిగి వస్తానన్న నమ్మకంతో ఆడిన ఆటకూ, తిరిగి వస్తామో లేదో తెలియని కూలీల ప్రయాణానికీ ఉన్న ఈ తేడాను పక్కన పెట్టి నెప్ట్యూన్ కొలువు గురించి మాట్లాడటం న్యాయం కాదు.

సముద్రయానం మీద ఆనాటి నిషేధం నీడ ఇప్పుడు లేదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చిన తారిణి తెరచాప నావలో ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ఉన్నారు. వారిలో బి. ఐశ్వర్య హైదరాబాద్ వారు, పి. స్వాతి విశాఖపట్నం వారు. భూప్రదక్షిణగా గుర్తింపు పొందాలంటే భూమధ్యరేఖను కనీసం రెండుసార్లు దాటాలి, అన్ని రేఖాంశాలనూ దాటాలి, 21,600 నాటికల్ మైళ్లకు తగ్గకుండా ప్రయాణించాలి. కాబట్టి ఆ నావకు రేఖ దాటడం వేడుక మాత్రమే కాదు, ప్రయాణపు షరతుల్లో ఒకటి. మన నౌకాదళం నినాదం ‘శం నో వరుణః’ వేదం నుంచి తీసుకున్నది. వరుణుడు మనకు శుభం కలిగించుగాక అని దాని భావం.

సముద్రంలో పనిచేసేవాళ్లందరికీ ఈ అనుభవం దక్కుతుందనీ లేదు. విశాఖ, చెన్నై నుంచి సింగపూర్ మీదుగా చైనా, జపాన్ రేవులకు తిరిగే ఓడలు రేఖను తాకనే తాకవు, ఎందుకంటే సింగపూర్ రేఖకు ఉత్తరాన సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఆగిపోతుంది. ఆస్ట్రేలియా బొగ్గుకో, బ్రెజిల్ ఇనుప ఖనిజానికో వెళ్లే ఓడలో పడినవాడికి మొదటి ఏడాదే ఆ అవకాశం రావచ్చు. నేటి సరుకు ఓడల్లో సిబ్బంది తక్కువ, రేవుల మధ్య తీరిక తక్కువ కావడంతో చాలాచోట్ల ఇది ఒక గంట ఆటగా కుదించుకుపోయింది. అయినా ధ్రువపత్రం ఇవ్వడం మాత్రం మానలేదు. నెప్ట్యూన్ పేరిట, కెప్టెన్ సంతకంతో, ఓడ పేరు, తేదీ, రేఖ దాటిన చోటి రేఖాంశంతో ఇచ్చే ఈ కాగితానికి చట్టపరమైన విలువ ఏమీ లేదు, ఉద్యోగానికీ పదోన్నతికీ పనికిరాదు. రేఖాంశం 180 డిగ్రీల దగ్గర, అంటే తేదీ మారే గీత దగ్గర, రేఖను దాటినవాళ్లకు బంగారు షెల్‌బ్యాక్ అనే ప్రత్యేక బిరుదు ఉంది. పత్రాన్ని సీడీసీతో, అంటే నావికుడి గుర్తింపు, సర్వీసు వివరాలుండే పుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవర్లో భద్రపరచుకోమని సీనియర్లు కొత్తవాళ్లకు చెబుతారు, ఎందుకంటే మరో ఓడలో రేఖ దాటే రోజు వచ్చినప్పుడు అది చూపించలేనివాడిని అక్కడి కొలువు మళ్లీ పాలీవాగ్‌గానే లెక్కగట్టి తొట్టి దగ్గరికి పంపుతుంది.